నా కాలు లేచేంత ఎత్తు

జీగెన్, జర్మనీ, మార్చి 2021, శనివారం

లారీలో తీసుకెళ్లి బందరు సముద్రం చూపిస్తానని మాటిచ్చిన అన్నయ్య, తీరా బయల్దేరేటప్పుడు "కుంటికాలితో ఎట్ల ఎక్కుతవ్‌రా?" అని నన్ను దింపేసి పోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఈరోజు మనవరాలు లహరి తన పికప్ ట్రక్కు ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించాలని వర్క్‌షాపుకు వెళితే వెంట వెళ్లాను. ఐదు సెంటీమీటర్లు లేపాలా, పది లేపాలా అని మెకానిక్ మాస్కు లోంచే అడిగాడు. ఇక నాకు ఆ బండి అందదనుకున్నాను.

లహరి కొలిచే టేపు పట్టుకుని నా ముందు నేల మీద కూర్చుంది.

"కాలు ఎంత లేస్తదో లేపు తాతా."

"నాకోసం తగ్గించకే."

"ఊకో! నువ్వెక్కని బండి నాకెందుకు?"

నేను లేపినంత కొలిచి, మెకానిక్‌తో ఐదే చాలంది, పక్కన మెట్టు కూడా పెట్టమంది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఒక మనిషి కాలిని బట్టి బండిని కొలవడం ఎక్కడా చూడలేదు. ఆ విస్మయం ఇంకా తీరలేదు.

ఆ రోజు లారీ పక్కన ఒక పీట వేస్తే సరిపోయేది. వేయనివాడు మా అన్నయ్య రాఘవులు.