సబ్బు డబ్బాలో బొత్తాలు

అక్కా,

ముందు "ప్రియమైన" అని రాసి కొట్టేశాను. అలవాటుకొద్దీ చెయ్యి రాసింది, అంతే.

రెండు వీధుల అవతల ఉంటూ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. నవ్వుకో. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగంలో "సర్లే, ముందు తిను" అంటావు. నాకు కంచం ముందు కూర్చుంటే కోపం నిలవదని నీకు తెలుసు. కాగితానికి అన్నం పెట్టలేవు కదా. అందుకని చివరిదాకా చదువు.

నేను ఇల్లు వదిలి వచ్చింది బీరువాలో చోటు కోసం నీతో పోట్లాడి కాదు. అది సాకు. మనతో పనిచేసే పిచ్చుక చెయ్యి గొట్టంలో మోచేతిదాకా కాలింది కాబట్టి దాని ఇంటికి వచ్చాను. ఒంటిచేత్తో జడ అల్లుకోలేదు, గిన్నె తోముకోలేదు. కట్టు మార్చేటప్పుడు అది అరవదు, పళ్లు బిగబట్టి నా భుజం గిల్లుతుంది. నా భుజం చూస్తే పిల్లి రక్కిందనుకుంటావు. నువ్వొక్కసారైనా వచ్చి చూశావా? నువ్వు లేచి వస్తే సూపర్‌వైజరు కుర్చీ ఎవరైనా ఎత్తుకుపోతారా?

ఆ కుర్చీ ఎక్కాక నీకు మతిమరుపు వచ్చింది గనక నీకు తెలిసిందే మళ్లీ రాస్తున్నాను. శనివారం మన లాండ్రీలో యంత్రాలు ఆపగానే డ్రయ్యర్ల వెనక రేకు గొట్టంలో ఎవరో ఒకరు దూరాలి. వారమంతా ఆస్పత్రి దుప్పట్ల నుంచీ హోటలు తువ్వాళ్ల నుంచీ రాలిన నూగు అందులో పేరుకుంటుంది. గీకి తియ్యకపోతే నిప్పంటుకుంటుంది. చల్లారేదాకా ఆగుదామంటే ఓనరు ఒప్పుకోడు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, బోర్లా పాకుతూ, కాలే రేకు మీద మోచేతులు ఆనించి పోవాలి. బయటికొచ్చాక మర్నాడు కూడా ఉమ్మితే బూడిదరంగే.

ఎవరు దూరాలో తేల్చేది మన సబ్బు డబ్బా. బట్టల్లోంచి ఊడిపడ్డ బొత్తాల్లో తలా ఒకటి. పన్నెండు మందిమి, పన్నెండు బొత్తాలు. నువ్వు మూత పెట్టి గలగలా ఆడిస్తావు, కళ్లు మూసుకుంటావు, చెయ్యి పెట్టి ఒకటి తీస్తావు. అది ఎవరిదైతే వాళ్లు తలవంచుకుని గొట్టం దగ్గరికి నడుస్తారు. అంతా పైవాడి చేతిలో ఉన్నట్టు ఎంత భక్తిగా తీస్తావో!

నేను చేరి ఏడాది నిండింది. నా బొత్తాం ఒక్కసారీ రాలేదు. అందరూ నన్ను "అదృష్టం పాప" అన్నారు. ఇస్త్రీ పిన్ని అయితే, "ఒసేయ్, మావాడికి రేపు పరీక్ష, వాడి నెత్తిన నీ చెయ్యి పెట్టవే," అంది. నేను వెళ్లి పెట్టాను కూడా. వాడు తప్పాడనుకో.

ఇప్పుడు బడి సంగతి విను. పిల్లలు ఇళ్లకు వెళ్లాక అదే గదిలో పనివాళ్లకు కంప్యూటరు నేర్పుతున్నారని చెబితే నువ్వు "దానికంటే నిద్రపో" అన్నావు గుర్తుందా. అక్కడ బెంచీలు పిల్లలవి, మోకాళ్లు పట్టవు. మాస్టారు లెక్కలు చెప్పలేదు, ఆట రాయమన్నారు. పైనుంచి చొక్కాలు పడుతుంటే కింద బుట్టతో పట్టుకోవాలి. ఆరింటిలో ఒకసారి చొక్కాకి బదులు ఇస్త్రీపెట్టె పడాలి, తగిలితే ఆట సరి. ఎప్పుడు పడుతుందో మాకు తెలియకూడదు. అది కంప్యూటరు ఎంచుకుంటుంది.

నా పక్కన కూర్చునే లారీ డ్రైవరన్నకి వరసగా మూడు ఇస్త్రీపెట్టెలు పడ్డాయి. "మాస్టారూ, ఇది నామీద పగబట్టింది!" అని లేచాడు.

"పగబట్టడానికి అది మీ బావమరిది కాదు. కూర్చుని ఆడండి," అన్నారు మాస్టారు.

ఆడుతూనే ఉన్నాం. కొంచెంసేపు పిచ్చిపిచ్చిగా పడ్డాయి. ఆడగా ఆడగా ఆరింటికి ఒకటి అన్న లెక్క దగ్గరికి వచ్చి నిలబడింది. "ఒకసారి ఏం పడుతుందో ఎవడూ చెప్పలేడు. వేలసార్లకి ఎన్ని పడతాయో ఎవరైనా చెప్పొచ్చు. సంభావ్యత అని పుస్తకంలో భయపెట్టేది దీన్నే," అన్నారు. అక్కా, నేను బడి మానేసిన రోజున నల్లబల్ల మీద ఉన్నది ఆ మాటే. ఇన్నేళ్లూ అదేదో నా బుర్రకి ఎక్కని వస్తువు అనుకున్నాను.

ఆ ఊపులో చొక్కాలు తీసేసి మన పన్నెండు మంది మొహాలు పెట్టాను. నీ డబ్బాలాగే వారానికి ఒకరు. ఏడాది మొత్తం ఆటలో రెప్పపాటులో తిరుగుతుంది. మళ్లీ మళ్లీ తిప్పాను. నేను గొట్టంలో పడుతూనే ఉన్నాను. ఏడాదంతా తప్పించుకున్నది వంద ఆటల్లో ఒక్కదాంట్లో. పిచ్చుక మన దగ్గర పడినన్నిసార్లు ఒక్క ఆటలోనూ ఎవరూ పడలేదు.

"వందలో ఒకటంటే జరగదని కాదమ్మా," అన్నారు మాస్టారు.

"జరగొచ్చు. డబ్బాలో చెయ్యి పెట్టేది సొంత అక్క అయితే?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నువ్వు నా బొత్తాం తీసేశావు. ముడిచిన పిడికిట్లో దాచావో, అసలు డబ్బాలోనే వెయ్యలేదో నాకు తెలీదు. నా బదులు వేరేవాళ్లు పాకారు. ఆస్పత్రి వరండాలో ఓనరు పిచ్చుక వాళ్లమ్మతో "ఏం చేస్తాం, మీ పిల్ల దురదృష్టం" అంటుంటే నువ్వు పక్కన నిలబడి తల ఊపావు. ఆ తల ఊపడం చూసినప్పటినుంచీ నువ్వు వడ్డించిన ముద్ద నాకు దిగలేదు.

శనివారం డబ్బా తెరవకముందే అందరి ముందూ చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ. శనివారంలోగా నువ్వే చెబితే నాకు నోటిశ్రమ తగ్గుతుంది.

నీ చెల్లెలు,
(అదృష్టం పాప అని ఇంకొకసారి ఎవరైనా పిలిస్తే ఊరుకోనిది)

•

బుడ్డీ,

నీ కాగితం వెనకే రాస్తున్నాను. కొత్త కాగితం ఖర్చుపెట్టేంత గొప్పగా లేదు నీ ఉత్తరం.

నీ బొత్తాం నేను తియ్యలేదు. ప్రతి శనివారం డబ్బాలోనే ఉంది. వెళ్లి చూసుకో, అడుగున ఉంటుంది. ఎప్పుడూ అడుగునే ఉంటుంది. కంప్యూటరు నేర్చిన దానివి, ఆ మాత్రం కనిపెట్టలేకపోయావా?

నేను చేరిన రోజున మెరుస్తోందని ముచ్చటపడి ఒక కోటు బొత్తాం ఏరుకున్నాను. నల్లది, రూపాయి బిళ్లకంటే పెద్దది. డబ్బా ఆడిస్తే చిన్నవన్నీ కిందికి జారతాయి, పెద్దది పైకి తేలుతుంది. చెయ్యి పెడితే ముందు తగిలేది అదే. ఇది నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. గొట్టంలో పాకీ పాకీ తెలుసుకున్నాను. రాత్రిళ్లు నేను దగ్గుతుంటే "కిటికీ మూసుకోవే" అనేదానివి.

నిన్ను పనిలో పెట్టినప్పుడు బొత్తాల కుప్పంతా బల్లమీద పోసి నీకోసం అన్నిటికంటే చిన్నది ఏరాను. పసిపిల్లల చొక్కాది. ఏ అక్కయినా అదే చేస్తుంది. చెయ్యనిది అక్క కాదు.

నాకు కుర్చీ ఇచ్చాక గొట్టం తప్పింది, నా బొత్తాం ఖాళీ అయింది. పిచ్చుక కొత్తగా వచ్చి "అక్కా, ఆ నల్లది భలే ఉంది, నాకిస్తావా" అంది. ఇచ్చాను. ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా అది. నీ దగ్గర మాత్రం కాకూడదు. అంతే నాకు తెలిసిన లెక్క.

చెప్పుకో వెళ్లి, అందరికీ.

అక్క

•

అక్కా,

నీ జ్వరం ఎలా ఉంది? శనివారం ఉదయమే వచ్చిందని కబురు పంపావుగా. పాపం, ఆదివారానికి తగ్గిపోయి ఉంటుంది.

నీ జవాబు బడిలో, క్లాసు మొదలవకముందు చదివాను. చదివి బల్లమీద తల పెట్టుకున్నాను. మాస్టారు అడిగితే చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "బొత్తాలన్నీ ఒకే సైజా అని నేనూ అడగలేదు," అన్నారు. తర్వాత, "పన్నెండు మొహాలకీ సమానమైన అవకాశం అని కంప్యూటరు కనిపెట్టలేదమ్మా. మనమే దానికి చెప్పాం. అది నమ్మింది," అన్నారు. నిన్ను దొంగ అన్నాను. దొంగవి కాదు. అంతకంటే మంచిదానివని అనుకోకు. దొంగయితే పట్టుబడతాననైనా భయపడుతుంది. నువ్వు అందరి కళ్లముందూ కళ్లు మూసుకుని తీశావు.

శనివారం నువ్వు లేవు కాబట్టి ఓనరు డబ్బా ఇస్త్రీ పిన్ని చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. నేను మూత మీద చెయ్యి వేశాను. "పిన్నీ, ఇవాళ ఒక్కసారి కాదు. తీసి, చూపించి, మళ్లీ వెయ్యి. నేను చాలనేదాకా," అన్నాను.

"ఏమిటే ఈ ఆట?"

"ఆటే. తియ్యి."

నల్లది వచ్చింది. మధ్యలో ఒకటిరెండు వేరేవి. మళ్లీ నల్లది. మళ్లీ. పిన్ని మొహం పాలిపోయింది. బట్టలు తూచే తూకం బాబాయి తన బొత్తాం ఎంత ఉందో వేలితో కొలుచుకుంటున్నాడు. నాది ఒక్కసారీ రాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. నా బొత్తాం ఎవరు ఏరారో, నల్లది పిచ్చుకకి ఎవరిచ్చారో, ఏదీ దాచలేదు. నిన్ను తిట్టినవాళ్లున్నారు. "సొంత చెల్లి కదా" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండోవాళ్లని చూస్తేనే నాకు ఎక్కువ కాలింది.

నేను ముందే అనుకుని వేరే బొత్తాలు పట్టుకెళ్లాను. ఒకే చొక్కా నుంచి తీసినట్టు పన్నెండు బొత్తాలు, అన్నీ ఒకే సైజు, మీద అంకెలు. "ఇకమీదట అందరికీ సమానం," అన్నాను. అందరూ సరేనన్నారు. కట్టు కట్టుకుని ఇనప స్టూలు మీద కూర్చున్న పిచ్చుక మాత్రం, "నేనొప్పుకోను," అంది.

"ఎందుకే? ఇకమీదట నీకూ నాకూ తేడా లేదు."

"ఇకమీదట. ఇప్పటిదాకా?"

"ఇప్పటిదాకా ఎవరు దూరారో డబ్బాకేం తెలుసే!"

"డబ్బాకి తెలీదు. నాకు తెలుసు," అంది. "నీ ఆటలో నా బొమ్మ కాలిపోతే మీట నొక్కుతావు, మళ్లీ మొదటినుంచీ వస్తుంది. నా చెయ్యి రాదు."

నాకు ఒళ్లు మండింది. దీనికోసం నిన్ను తిట్టి, ఇల్లు వదిలి, భుజం గిల్లించుకుని న్యాయం పట్టుకొస్తే వద్దంటుందా అని. "మరేం కావాలే నీకు?" అని అరిచాను.

"నువ్వు దూరు. మీ అక్కా దూరాలి. మార్చి మార్చి. డబ్బా అవతల పెట్టండి."

"ఎన్నాళ్లు?"

"చాలినప్పుడు చెప్తా."

   నేను తడిగుడ్డ తీసుకున్నాను.

ఓనరు బయటికొచ్చి "ఇంకా దూరలేదేం?" అన్నాడు. రేకు మీద చెయ్యి పెట్టి చూశాను. సుర్రుమంది. "చల్లారాక," అన్నాను. "ఎప్పుడూ లేనిది ఇవాళేంటి?" అన్నాడు. "ఎప్పుడూ బొత్తాం వచ్చినవాళ్లు దూరారు. నేను ఒప్పుకుని దూరుతున్నాను. ఎప్పుడు దూరాలో నేనే చెప్తాను. తొందరగా ఉంటే మీరు దూరండి," అన్నాను. ఆయన అరిచాడు, మానేసి పొమ్మన్నాడు. వెనకనుంచి ఇస్త్రీ పిన్ని స్టూలు లాక్కుని పిచ్చుక పక్కన కూర్చుంది. తర్వాత తూకం బాబాయి కూర్చున్నాడు. రేకు చల్లారేదాకా అందరం అలా కూర్చునే ఉన్నాం. ఇన్నాళ్లూ ఒకళ్ల బొత్తాం ఒకళ్లం చూసుకుంటూ గొట్టం ఎంత కాలుతోందో అడగడం మర్చిపోయాం, అక్కా. ఆ డబ్బా వల్ల ఓనరుకి జరిగిన మేలు అది.

తర్వాత దూరాను. చల్లారినా ఊపిరాడలేదు. సగం పోయాక భయమేసి వెనక్కి రాబోయాను. వెనక్కి తిరిగే చోటు లేదు. ఆ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదు. చిన్న బొత్తాం ఎందుకు ఏరావో ఆ చీకట్లో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థమైంది, క్షమించలేదు. రెండూ ఒకటే అనుకోకు.

వచ్చే శనివారం నీ వంతు. నీ తరఫున నేనే మాటిచ్చాను, నిన్ను అడక్కుండా. నాకోసం నువ్వు అడక్కుండా చేసినట్టే. సూపర్‌వైజర్లు దూరరని కబురు పంపకు. జ్వరమొస్తే రానీ. నువ్వు రాని ప్రతి శనివారం నీ వంతు కూడా నేనే పాకుతాను. వచ్చి బయట నిలబడి నా దగ్గు వింటావో, నువ్వే దూరతావో చూసుకో.

పాత బట్టలు కట్టుకుని రా. తడిగుడ్డ నేను తెస్తాను.

నీ
బుడ్డి