మంచి కాలు ముందు

శృంగవరపుకోట

ప్రియమైన కోడలు గాయత్రికి, మీ అత్త తవిటమ్మ మనసారా దీవించి రాత్తన్నది.

మీ డుంబ్రిగుడకి ఫోన్ సేత్తే నీ మాట సగం వినపడతాది, సగం గాలికి పోతాది. నా గుంటడు ప్రసాదు ఫోనేమో పాడైపోనాదంటావు. అందుకే ఉత్తరం.

మోకాళ్ళ నొప్పులకి డాక్టరు నన్ను బరువు తగ్గమన్నాడు, నడవమన్నాడు. పక్కింటి సత్యకుమారేమో, నడిత్తే మోకాళ్ళు ఇంకా అరిగిపోతాయి, కూకో అంటాది. దాని కూతురు బేబి ఫోన్లో సూసి అన్నం మానీమంటాది. ఇంకొకావిడ పరగడుపున చెంబుడు నీళ్ళు తాగమంటాది. ఎందుకొచ్చిన గొడవని అన్నీ ఒకేపాలి సేసీసినాను. కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడ్డాను. నాకేటీ పాలుపోడం నేదే గుంటా. నువ్వు నర్సువి. ఏటి సెయ్యాలో నువ్వొక్కర్తివే సెప్పు, ఒకదాని తరవాత ఒకటి.

నాకు కావలసిందల్లా ఒకటే. కొండ మీద మీ ఇంటికున్న ఆ రాతిమెట్లు నా కాళ్ళతో నాను ఎక్కాల. గృహప్రవేశం నాడు నన్ను కుర్చీలో కూకోబెట్టి మోసుకెళ్ళినారు. ఊరోలంతా సూసినారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా గుంటడి మొకం సూసి రెండు పండగలైపోనాయి. ఆడు రాకపోతే నానే వత్తాను, ఆడే నన్ను సూసి గుడ్లు తేలేత్తాడు.

బేగి జవాబు రాయి.

మీ అత్త,
తవిటమ్మ

*

డుంబ్రిగుడ

ప్రియమైన అత్తమ్మకి, గాయత్రి దండాలు.

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత కంగారు పడ్డాను. అన్నీ ఒకేసారి చేసేస్తారా ఎవరైనా? అన్నం మానొద్దు, ఒక గరిటె తగ్గించండి చాలు. మిగతా వాళ్ళ మాటలు వదిలెయ్యండి.

మెట్లే మన పెద్ద లక్ష్యం. కానీ రోజూ దాన్నే తలుచుకుంటే బెంగ వచ్చేస్తుంది. చిన్నవి పెట్టుకుందాం. ముందు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మంచం మీంచి లేవాలి. అన్నం ఉడుకు పట్టేదాకా నిలబడాలి. అది కుదిరాక గుమ్మం దాకా నడవాలి. రాత్రి నొప్పొస్తే ఏడవొద్దు. ఇంక నా బతుకింతే అని గోడవైపు తిరిగి పడుకోవద్దు. రేపటికి ఇంకొంచెం బాగుంటుంది.

ఆయన కాఫీ తోటల డ్యూటీలో ఉన్నారు. మెట్లెక్కగలనని నమ్మకం కుదిరాకే రండి అత్తమ్మా, ఇప్పుడే వద్దు. ఘాట్ రోడ్డంతా వానలు. చేసిందల్లా నాకు వివరంగా రాయండి, మర్చిపోవద్దు.

ప్రేమతో,
గాయత్రి

*

శృంగవరపుకోట

ప్రియమైన గాయత్రమ్మకి, అత్త రాసేది.

నువ్వు సెప్పినవన్నీ సేసీసినాను. లేసినాను, నిలబడ్డాను, గుమ్మం కాడికి పోయినాను. సత్యకుమారి సూసి, "ఏటొదినా, గుమ్మం కాడికి ఎల్లడం కూడా ఒక గొప్పేనా?" అని పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, నీ ఉత్తరం మళ్ళా తీసి సదివితే బుర్ర తిరిగిపోనాది.

నాను మంచాన పడ్డానని ఎవులు సెప్పినారు నీకు? కిరాణా కొట్టుకి రోజూ నానే ఎల్తన్నాను కదా! ఏడవొద్దన్నావు. నానెక్కడ ఏడిసినాను? గోడవైపు తిరగొద్దన్నావు. మా మంచం గోడకి ఆనించే నేదు. మీ ఆసుపత్రిలో ఇంకెవులికో రాసిన కాయితం నాకు గానీ పంపీసినావేటి? నేకపోతే పట్నం డాక్టర్లు ఇప్పుడు ఇలగే సెప్తన్నారేటి? నాకేటీ తెలవడం నేదు.

పోనీ, ఇంత సిన్న లచ్చాలొద్దు, పెద్దది సెప్పు. ప్రసాదుని ఒక ముక్క రాయమను. అమ్మకి ఒక ముక్క రాయడానికి డ్యూటీ అడ్డమేటి?

మీ అత్త,
తవిటమ్మ

*

డుంబ్రిగుడ

ప్రియమైన అత్తమ్మకి,

కోప్పడకండి. పని ఒత్తిడిలో ఏదో రాసేశాను. మీ గుమ్మం గొప్ప చదివి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఎన్నాళ్ళకి నవ్వామో!

ఈసారి పెద్దదే చెబుతున్నాను. సత్యకుమారి పిన్నిగారి మేడ మెట్లు ఉన్నాయి కదా, వాటి మీద మొదలుపెట్టండి. కర్ర మంచి కాలు వైపు చేతిలో ఉండాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. తొందర పడొద్దు, కిందకి చూసి భయపడొద్దు.

ఎక్కాక నాకు రాయండి. ఎలా ఎక్కారు, ఎక్కడ ఆగారు, అన్నీ. మీ ఉత్తరం కోసం ఇక్కడ ఎంత ఎదురు చూస్తున్నామో మీకు తెలీదు.

ప్రేమతో,
గాయత్రి

*

శృంగవరపుకోట

గాయత్రీ,

మేడ మెట్లు ఎక్కీసినాను. ఎక్కడా ఆగనేదు. పైన వడియాలు కూడా ఎట్టి దిగినాను. కనక ఇంక నన్ను ఆపడానికి నీకు వంక నేదు.

ఇప్పుడు నాను అడిగినదానికి సెప్పు. నా రెండు మోకాళ్ళూ ఒకేలాగ నొప్పి. ఇందులో మంచి కాలేటి, దెబ్బ తగిలిన కాలేటి? నీ ఉత్తరాలన్నీ ఒక్కసోట ఎట్టి పొద్దుటి నుంచి సదివినాను. మంచం, గుమ్మం, కర్ర, మెట్లు. లావు తగ్గడానికి ఎవులైనా ఇలగ సెప్తారా?

ఎవులి కాలు ఇరిగింది? నీదా, ఆడిదా? నా మీద ఒట్టు, నిజం సెప్పు.

తవిటమ్మ

*

డుంబ్రిగుడ

ప్రియమైన అత్తమ్మకి,

ఆయనదే. వానలు మొదలైన కొత్తలో ఘాట్ మలుపులో బండి జారిపోయింది. విశాఖలో ఆపరేషన్ చేసి తొడలో రాడ్ వేశారు. ప్రాణానికేం భయం లేదు. మీకు బీపీ అని, చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

కాలు అతుక్కుంది అత్తమ్మా, మనసే అతుక్కోలేదు. కసరత్తు చేయించే ఆయన లక్ష్యాలు చెప్పి వెళ్ళేవాడు, ఈయన గోడవైపు తిరిగి పడుకునేవారు. ఇంక నడవనని రాత్రిళ్ళు ఏడ్చేవారు. ఇలాగే వదిలేస్తే కాలు బిగుసుకుపోతుంది, జన్మంతా కుంటుతూనే నడవాలని డాక్టర్లు అన్నారు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. సరిగ్గా అప్పుడే మీ ఉత్తరం వచ్చింది. ఈయనకి చెప్పిన లక్ష్యాలే మీకూ రాసేశాను. "మీ అమ్మ మొదలుపెట్టేశారు, మీ ఇష్టం" అన్నాను. మీ గుమ్మం సంగతి చదివిన రోజు ఆయన కూడా గుమ్మం దాకా నడిచారు.

మొన్న మీరు ఆగకుండా మేడెక్కారని చదవగానే కర్ర తీసుకుని రాతిమెట్ల మీదకి వెళ్ళారు. కొన్ని మెట్లు దిగి, భయమేసి కూర్చుండిపోయారు. మా తమ్ముడూ నేనూ పైకి ఎత్తుకొచ్చాం. అప్పట్నుంచి మళ్ళీ మంచమే. "అమ్మ ఆ వయసులో ఆగకుండా ఎక్కింది, నా వల్ల కాలేదు" అంటున్నారు. ఇప్పుడు ఏం చెప్పాలో తెలియట్లేదు. మిమ్మల్ని మోసం చేశాను. ఎన్ని తిట్టినా పడతాను.

గాయత్రి

*

శృంగవరపుకోట

గాయత్రీ,

ఈ కాయితం నీ ఒక్కర్తికే. సదివి పొయ్యిలో ఎట్టీ.

నిన్ను తిట్టాలో, నీకు దండం ఎట్టాలో తెలవక పొద్దుటి నుంచి కొట్టుకుంటన్నాను. నా గుంటడు మంచాన పడితే నాను ఇక్కడ వడియాల కబుర్లు రాత్తన్నానా? ఏడిసినాను. తరవాత సిగ్గేసింది. ఎందుకంటే నాను మేడ ఎక్కనేదే అమ్మా. మూడో మెట్టు మీద కూలబడితే బేబి దించింది. నువ్వు రానిత్తావని అబద్ధం రాసినాను. ఆ అబద్ధాన్ని నమ్మి ఆడు మెట్లు దిగబోయినాడు. పడిపోతే నా గతేటి?

రెండో కాయితం ఆడికి సదివి వినిపించు. అందులో అబద్ధం నేదు.

మీ అత్త

*

నాయనా ప్రసాదూ,

సత్యకుమారి మేడ మీద కూకుని రాత్తన్నాను. ఆగకుండా ఎక్కినానని ముందు రాసింది గొప్పకి రాసినాను, నమ్మకు. ఇయ్యాల నిజంగా ఎక్కినాను. మెట్టుకొకపాలి ఆగినాను. ఆయాసం వచ్చింది. సగంలో కూకున్నాను. బేబి సెయ్యందిత్తే వొద్దన్నాను. ఒకపాలి ఏడిసినాను కూడా. మళ్ళా లేసినాను. ఆగినందుకు మెట్లేటీ పారిపోనేదురా.

కానీ దిగడం నాకూ బయంగానే ఉంది. ఈ ఉత్తరం అయిపోనాక దిగాల. నువ్వూ దిగు. ఒక మెట్టు దిగి కూకో, తప్పు నేదు. మర్నాడు ఇంకొకటి.

దసరా ఎల్లిన శనివారం బండికి వత్తన్నాను. నాను ఆటో దిగేసరికి నువ్వు కింద మెట్టు కాడ ఉండాల. ఇద్దరం కూకుంటా, లేత్తా ఎక్కుదాం. పొద్దు గూకిపోతే పోనీ, గాయత్రి దీపం పట్టుకుని వత్తాది.

మీ అమ్మ,
తవిటమ్మ