ఎర్రోడి మీద చల్లే నీళ్లు

అమ్మా,

హైదరాబాద్ బస్సుకు టైమైంది, నువ్వు పవర్‌లూమ్ నుంచి వచ్చేదాకా ఆగలేకపోయాను. కోళ్లకు నూకలు వేశాను. చీకటి పడకముందే గంప కింద మూయి. గుడ్లు పొదుగుతున్న పెట్ట దగ్గరికి కుక్కను రానివ్వకు.

రేపు ఎల్లమ్మ గుడి దగ్గర మన పుంజు ఎర్రోడిని కోసేటప్పుడు నేను ఉండను. నాకు నౌకరి వస్తే పుంజును ఇస్తానని నానమ్మ మొక్కింది. వచ్చింది కాబట్టి ఇవ్వాలి. అయినా కొబ్బరికాయతో సరిపెట్టమని నిన్న అడిగి చూశాను. "డిగ్రీ చదివి మొక్కు ఎగ్గొడ్తవా బిడ్డా? పుంజు పోతె ఇంకోటి సాదుకుంటవ్, నౌకరి పోతె?" అన్నది. వాడి తల్లిని పిల్లి ఎత్తుకుపోయినప్పుడు వాణ్ని నా చున్నీలో చుట్టి సాకింది నేనే కదా.

నా కోసం కూర దాచకు.

మహిత

ఇంకొక మాట. కోసే ముందు నీళ్లు చల్లితే పుంజు ఒళ్లు విదిలించాలని, అప్పుడే ఎల్లమ్మ ఒప్పుకున్నట్టని చూస్తారు కదా. వాడు వెంటనే విదిలిస్తాడు. ఎండాకాలమంతా వేడి తగ్గాలని రోజూ నేను చల్లి అలవాటు చేశాను. నీళ్లు పడగానే నేనొచ్చాననుకుంటాడు. జర, ఆ నీళ్లు ఇంకెవరైనా చల్లనీ, నువ్వు మాత్రం చల్లకమ్మా.