తూము కాడి గొంగడి

మా ఆగమ్మక్కకు,

తమ్ముడు పోచయ్య దండం పెట్టి రాసేది. నీ మనుమరాలు నిషితతో చదివించుకో, నడుమ నవ్వొద్దని చెప్పు. ఫోన్ చేద్దామంటే నోరు రాలేదు.

చెరువు తూము కాడ మనముండిన ఇల్లు, పొలాలకు నీళ్లిడిసే నీరటోళ్ల ఇల్లు, కూలగొడతలేరు. కంది ఊరి కాలేజీ పిల్లలు దాని చరిత్ర రాస్తున్నరు. చెరువంతా మందుల కంపెనీల కంపు, కింద పొలాలు ప్లాట్లయినయి, అయినా ఇంటికి సున్నం వేసి బోర్డు పెడతరట. "తాతా, మీ నాయిన తర్వాత నీళ్లు విడిచింది ఎవరు?" అని అడిగిన్రు. "నేనే" అన్న.

నేను పటాన్‌చెరు కంపెనీ డ్యూటీకి పోతుంటే, మొగుడు సచ్చిపోయి పుట్టింటికి తిరిగొచ్చిన నువ్వు ఆ ఇంట్ల ఉన్నవు. ఆడమనిషి తూము ముట్టొద్దంటరని నా గొంగడి కప్పుకొని, నా రుమాలు చుట్టుకొని కట్ట మీదికి పోయి, నీళ్లల్ల మునిగి తూము తీసినవు. దూరం నుంచి చూసి రైతులు "పోచన్న నీళ్లిడిసిండు" అనుకున్నరు. నేను అనుకోనిచ్చిన. పంట మీద నీరటి వంతు వడ్లు కూడా నేనే తెచ్చుకున్న. ఇప్పుడు ఆ గొంగడిని "పోచయ్య గొంగడి" అని గోడకు వేలాడదీస్తరట. ఇంకా ఇయ్యలే. ఆదివారం బోర్డు. ఆ లోపల నిజం చెప్తనో లేదో నాకే తెలవదు.

నీ తమ్ముడు,
పోచయ్య

అక్కా,

చెప్పిన. ఆదివారం బోర్డు కాడ ఊరోళ్లందరూ కూసున్నంక లేచి, "తూము తీసింది నేను కాదు, మా అక్క" అన్న. ఎవ్వరూ ఉలుకలే. తూము కింద మొదటి మడి యాదగిరిది గద, వాడు నవ్విండు.

"మోకాలు లోతు నీళ్లకే వణికేటోనివి, నువ్వు మునుగుతవా పోచన్నా? మాకెర్క లేదా?"

"ఎర్కుంటే ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే పెద్దమనుషులు అక్కను ఆపకపోదురా? అప్పుడు నీళ్లెవరిడుస్తరు, నువ్వా?"

డ్యూటీ అని నీకు రాసింది సాకే. నాకు నీళ్లంటే భయం, నీకు తెలుసు. ఊరికీ తెలుసునని నాకే తెలవకపాయె. వడ్లు కొలిచిన ప్రతిసారీ వాళ్లు నీకే కొలిచిన్రు అక్కా, నేను సంచి పట్టిన.

బోర్డు వెనక్కి పోయింది, నీ పేరుతోని తెస్తరు. గొంగడి మాత్రం ఇయ్యలే. దులిపి ఎండేసిన. గోడకు పెడతవో, కప్పుకుంటవో నువ్వే చెప్పాలె. జల్దీ మన ఊరికి గుమ్మడిదల బస్సెక్కు. తిట్టేది ఉంటే ఇంటికొచ్చినంక తిట్టు, బస్టాండ్ల వద్దు.

ఈత రాని నీ తమ్ముడు,
పోచయ్య