నాన్న మొహం కాదు, క్రేన్ తాడు చూడండి

మిల్లు సేఫ్టీ ఆఫీసర్ మల్లేశ్వరరావు గారి సముఖమునకు, బీర్‌గావ్ నివాసి, సైకాలజీ లెక్చరర్ ఫణిశ్రీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: క్రేన్ ఆపరేటర్ దానయ్య అబద్ధమాడినట్లు తమరిచ్చిన తీర్పు రద్దు చేసి, క్రేన్ తాడు తనిఖీ చేయించుట గురించి.

1. సదరు దానయ్య నా తండ్రి. కరిగిన ఉక్కు బకెట్టును ఎత్తే క్రేన్ నడుపుచున్నారు. దాని ఇనప తాడులో పోగులు తెగి పైకి లేచినవని తమకు విన్నవించుకొనియున్నారు. తాడు కొత్తదేనని ఫోర్‌మన్ హరీష్ గారు చెప్పియున్నారు. ఎవరిది అబద్ధమో తేల్చుటకు తమరు పైకెక్కి తాడు చూడలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి మొహాలు చూసినారు.

2. తమరు ఈమధ్య శిక్షణలో నేర్చి వచ్చిన, మొహం చూసి అబద్ధం పట్టే విద్య ప్రకారం, కళ్లు దించినందుకూ, జవాబుకు ముందు ఆగినందుకూ నాన్న అబద్ధీకుడని రాసినారు. విచారణ ఈ ఊరి వాడుక ప్రకారం హిందీలో జరిగినది. మా నాన్న ఏ మాటైనా తెలుగులో అనుకొని, హిందీలోకి మార్చుకొని, అప్పుడు పలుకుతారు. పెద్దవారి కళ్లలోకి చూసి మాట్లాడడం పొగరని ఆయన పెంపకం. తమరూ తెలుగువారే, ఇది తమకు తెలియనిది కాదు. అయినా, తమ వద్దకు వచ్చి ఇదే చెప్పుకుంటే "నిజం చెప్పేవాడికి ఆలోచన దేనికమ్మా?" అని నన్నడిగినారు.

3. సదరు విద్యపై జరిగిన పరిశోధనలను తమ కోరిక మీదటనే పరిశీలించి నివేదించితిని. అబద్ధం పట్టడంలో మనుషులు బొమ్మా బొరుసూ వేసినదానికంటే ఏ కాస్తో మెరుగు. పోలీసులదీ ఇంచుమించు అంతే. చూపు తిప్పడం అబద్ధానికి గుర్తనేది నమ్మకమే గాని రుజువు లేదు. అయితే ఈ పరిశోధనలలో చాలావరకు విద్యార్థుల చేత ఆడించిన చిన్న అబద్ధాల మీద చేసినవనీ, ప్రాణం మీదికొచ్చిన చోట ఎలా ఉంటుందో గట్టిగా చెప్పలేమనీ కూడా దాచకుండా రాసితిని. తమరు ఆ ఒక్క వాక్యం కింద గీత గీసినారు. పైగా నేను ముక్కు రుద్దుకున్నాను గనుక నాదీ అబద్ధమేనని సెలవిచ్చినారు. నాకు జలుబండీ.

4. ఈ పూట క్రేన్ ఎక్కనంటే కొలువు తీసేస్తామని నాన్నకు చెప్పియున్నారు. బకెట్టు కింద మనుషులు తిరుగుతుంటారు. నాకు భయంగా ఉంది.

కావున తమరు ఇంకెవరి మొహమూ చూడవద్దని ప్రార్థన. తాడుకు మొహం లేదు, హిందీ రానక్కరలేదు. ఈ మనవి చిత్తగించి, బకెట్టు లేవకముందే ఆ తాడును తనిఖీ చేయించవలెను.

తమ విధేయురాలు,
ఫణిశ్రీ

మరొక మాట: ఇది మడుస్తుండగా నాన్న డ్యూటీకి బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, నా కళ్లలోకి సూటిగా చూసి, ఎక్కడా తడబడకుండా, "తాడు మార్చేసినారమ్మా, నువ్వేటీ బెంగెట్టుకోకు" అన్నాడు. నేను నమ్మాను. ఈ అర్జీ చించేద్దామనుకున్నాను కూడా. నాన్న మిల్లు చేరే వేళకు, సంతోషం పట్టలేక, తమ మిల్లు స్టోరులో పనిచేసే మా పక్కింటి అప్పారావుకు ఫోను చేశాను. "ఏ తాడక్కా? కొత్తది ఇక్కడే పడుంది, బండిల్ కూడా విప్పలేదు. దానయ్య బాబాయి క్రేన్ పైకెక్కేసినాడు" అన్నాడు.

తమరు ఫోను ఎత్తడం లేదు. ఈ కాగితం గేటులో ఇస్తున్నాను. చదవడం తర్వాత, ముందు క్రేన్ ఆపించండి.