గంట ఆగాక

చిరంజీవి చిట్టికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. సొరంగం దగ్గర నీ తోటివాళ్లు నవ్వుతున్నారన్నావు కనుక కవరు మీద నీ అసలు పేరే రాశాను. లోపల మాత్రం చిట్టివే. గడ్డం పెంచినంత మాత్రాన నాకు పెద్దవాడివైపోతావా?

ఇక్కడ నేనూ, టీకొట్టు అత్తా, ఫౌంటెన్ చుట్టూ కూర్చున్న నాలుగు సింహాలూ, ఏళ్ల తరబడి గుర్రం దిగని రాతి దొరగారూ అందరం క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఫోను పలకని కొండల్లో పనికి వెళ్లి, మానేసిన ఉత్తరాలు మళ్లీ రాయడం నాకు అలవాటు చేశావు. ఇంతకీ కొండ ఎంతవరకు తవ్వారు? అంత తవ్వుతున్నారు కదా, ఎలుక ఏదైనా దొరికిందేమో కనుక్కోమని అత్త పోరు పెడుతోంది.

పోయిన ఉత్తరంలో నువ్వు చాలా అడిగావు. అన్నిటికీ జవాబు రాస్తాను. నా ఫోటో గురించి అడిగినదానికి మాత్రం చివర్లో. దాటేస్తున్నానని అనుకోకు. అది చదివాక నువ్వేమంటావోనని బెరుకుగా ఉంది. నువ్వు సరేనంటే ఒకలా, ముఖం ముడుచుకుంటే ఒకలా నా రోజులు గడుస్తాయి. అందుకని ముందు కాస్త ఊపిరి పీల్చుకోనీ. పేజీలు తిప్పి చివరికి ఉరికావో, ఇక్కడ కూర్చునే నాకు తెలిసిపోతుంది.

మోకాలు బాగానే ఉంది. మెట్లు ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పిన మాటా నిజమే, నేను ఎక్కిన మాటా నిజమే. ఎందుకు ఎక్కానన్నది కూడా ఆ చివర్లోనే వస్తుంది.

చౌక్‌లో రాళ్లన్నీ పీకి మళ్లీ పరుస్తున్నారట, మన రాయి ఏమైంది అని అడిగావు. నాకూ అదే దిగులు పట్టుకుంది. ఫోటోలు తీయడానికి మీ నాన్న వెతికి వెతికి పట్టుకున్న రాయి కదా అది. దాని మీద నిలబడితేనే గడియారం గోపురం, కోర్టు గుమ్మటం, లైబ్రరీ స్తంభాలు అన్నీ ఒకే ఫోటోలో ఒద్దికగా ఇముడుతాయి. ఒక్క అడుగు పక్కకి జరిగితే దొరగారి గుర్రం తోక వెళ్లి లైబ్రరీకి మొలుస్తుంది. అందుకని మరమ్మతులు చేయించే ఇంజనీరమ్మని పట్టుకుని బతిమాలాను. ఆవిడ నా మాట ఓపిగ్గా విని, రాయి మీద సుద్దతో గుర్తు పెట్టించి, "ఎక్కడిది అక్కడే పెట్టిస్తానండి" అంది. మాట నిలబెట్టుకుంది కూడా. కాకపోతే పనివాళ్లు దాన్ని అటుదిటు తిప్పి పరిచారు. విరిగిన మూల ముందు నా కాలివేళ్ల దగ్గర ఉండేదా, ఇప్పుడు మడమల కిందికి వచ్చింది. మొదటిరోజు అది తెలియక, కాలితో ఆ మూల కోసం వెతుక్కుంటూ వెనక్కి వెనక్కి వెళ్లి ఫౌంటెన్ గట్టు మీద కూలబడ్డాను.

"సింహం ఒడిలో కూర్చున్నావేం వదినా, ఇంట్లో కుర్చీ లేదా?" అని అత్త కొట్టులోంచి అరిచింది. ఫోటో కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు కూడా నవ్వారు. నవ్వితే నవ్వారుగానీ, ఆ నవ్వుతోనే ఫోటో బాగా వచ్చింది.

ఫోన్లు వచ్చాక నీ దగ్గర ఎవరు తీయించుకుంటారమ్మా అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. తీయించుకుంటున్నారు. వాళ్ల ఫోటో వాళ్లు తీసుకుంటే మొహం వస్తుంది, గోపురం రాదు. గోపురం వస్తే మొహం సగమే వస్తుంది. గోపురాన్ని అరచేతిలో నిలబెట్టుకున్నట్టు రావాలంటే తీసేవాళ్లు నేల మీదికి దిగి, "ఇంకాస్త కిందికమ్మా, గోపురం వేళ్ల సందులోంచి జారిపోతోంది" అని చెప్పాలి. ఆ చెప్పే నోరు ఏ ఫోనుకీ లేదు. పైగా కోర్టు భవనంలో రిజిస్ట్రారు ఆఫీసు ఉన్నన్నాళ్లూ నాకు పనికి కొదవ లేదు. పెళ్లి చేసుకుని ఆ మెట్లు దిగే ప్రతి జంటా నా వైపే వస్తుంది. ఆ మొహాలు చూసి చూసి, ఎంత దూరంలో ఉన్నా పెదాలు కదిలితే చాలు, ఏమంటున్నారో చెప్పేయగలుగుతున్నాను. మొన్న ఒక పెళ్లికొడుకు మెట్ల మీద నిలబడి భార్య చెవిలో ఏదో గొణిగాడు. "చెప్పులు కరిస్తే విప్పేయి బాబూ, ఫోటోలో కాళ్లు రావులే" అన్నాను ఇక్కణ్నుంచే. పాపం, బిత్తరపోయాడు.

గడియారం ఇంకా ఆలస్యంగానే నడుస్తోందా అని అడిగావు కదా. నడుస్తోంది. గంటాయనని అడిగితే ఎప్పటి జవాబే: "గడియారం ఆలస్యం కాదమ్మా, ఊరే తొందరపడుతోంది." నీకు గుర్తుండే ఉంటాడు. గోపురంలో పావురాలని బెదరగొడుతున్నావని చిన్నప్పుడు నీ చెవి మెలేసి కిందికి పంపిన ఆయనే. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఇప్పటికీ గోపురం కింది గదిలోనే ఉంటూ గడియారానికి తాళం ఇస్తున్నాడు, గంటకి నూనె పెడుతున్నాడు. వచ్చే నెలలో గోపురానికి కూడా పరంజా కడతారట. ఆ పని పూర్తయ్యేదాకా గంట మోగదు. ఇక ఊరు ఎంత తొందరపడినా ఆయన పూచీ లేదు.

సరే, నీ ఆఖరి ప్రశ్నకి వస్తాను. "అందర్నీ తీసేదానివి నువ్వు, నిన్నెవరు తీశారు? కోర్టు గుమ్మటం నీ భుజం ఎత్తున ఉందేమిటి? మూలన ఆ నల్లమబ్బు ఏమిటి? ఎందుకలా నవ్వుతున్నావు?" అని రాశావు. అత్తకి చెప్పినట్టే నీకూ మొదటినుంచీ చెబుతాను.

ఆ రోజు పొద్దున గంటాయన టీ తాగుతూ అత్తతో ఒక మాట చెప్పి వెళ్లాడు. "ఫోటో అమ్మగారిని మధ్యాహ్నం గంట ఆగాక పైకి రమ్మనండి. ఇన్నేళ్లూ కిందనుంచే తీశారు, పైనుంచి చౌక్ ఎలా ఉంటుందో చూపిస్తాను." పన్నెండు కొట్టడం పూర్తయి, ఆ మోత అణిగాక రమ్మని ఆయన ఉద్దేశం. అత్త ఆ కబురు మోసుకుని సరిగ్గా పన్నెండు కొడుతుండగా వచ్చింది. ఆ గోలలో నా చెవి దగ్గర నోరు పెట్టి, "గంటాగి పైకి రమ్మన్నాడు వదినా" అంది. చెప్పినదాన్ని చెప్పినట్టు విని, మెట్లెక్కే సమయం మాత్రం మినహాయించుకుని, నేను బుద్ధిగా గంటసేపు ఆగాను.

పైన ఆయన పాపం ఉతికిన చొక్కా తొడుక్కుని, నా కోసం స్టూలు తుడిచి పెట్టి, చూసి చూసి, ఇక నేను రాననుకుని చెవుల్లో దూది కుక్కుకుంటున్నాడు. అప్పుడు నేను ఒగురుస్తూ ఆఖరి మెట్టు ఎక్కాను. నన్ను చూడగానే ఆయన రెండు చేతులూ ఊపాడు. రమ్మంటున్నాడనుకుని నేనూ చేతులు ఊపుతూ వెళ్లి గంట పక్కనే నిలబడ్డాను. ఆగమంటున్నాడని తెలిసేలోపు సుత్తి గంట మీద పడింది.

ఒంటిగంటకి ఒక్క దెబ్బే. అంత దగ్గర నిలబడ్డవాళ్లకి ఆ ఒక్కటీ చాలు. తేనెపట్టు కదిపి రెండు చెవుల్లోనూ పెట్టినట్టయింది. ఆయనకి చెవుల్లో దూది ఉంది కదా, నా అవస్థ తెలియలేదు. నన్ను పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లి అన్నీ చూపించాడు. రోజూ మెడ ఎత్తి చూసే భవనాలన్నీ అక్కణ్నుంచి నాకు పొత్తిళ్లలో పిల్లల్లా కనిపించాయి. మన దొరగారి టోపీలో పావురం గూడు కట్టింది, ఎవరికైనా తెలుసా? అంత ఠీవిగా గుర్రమెక్కినాయన తలలో గుడ్లు పొదిగిస్తున్నాడు. నేను నవ్వుతుంటే, గంటాయన తన చేతుల వంక చూసుకుంటూ మొదలుపెట్టి, తర్వాత చెవుల్లో దూది తీసేసి, తల ఎత్తి నన్ను ఏదో అడిగాడు. నా చెవుల్లో తేనెటీగలు తప్ప మరేం లేవు. ఫోటో తీయమంటున్నాడనుకుని, "దానికేం, ఇప్పుడే కానిద్దాం" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఒక ఫోటో తీశాను. తర్వాత ఆయన కెమెరా అడిగి తీసుకుని, నన్ను గోడ దగ్గర నిలబెట్టి ఒకటి తీశాడు. నీకు పంపింది అదే. మూలన ఉన్నది మబ్బు కాదు, ఆయన బొటనవేలు.

మర్నాడు పొద్దున్నే అత్త టీ గ్లాసు నా చేతికిచ్చి, "ఏ రోజు అనుకుంటున్నారు వదినా?" అంది.

"ఏమిటి, ఏ రోజు?"

"రిజిస్ట్రారు ఆఫీసుకి. పెళ్లి చేసుకుంటారా అని ఆయన అడిగితే, ఇప్పుడే కానిద్దాం అన్నావట కదా. అంత తొందరేమిటి వదినా, నాకో మంచి చీరైనా తీసుకోనీయవా?"

టీ సగం చీర మీద పోసుకున్నాను. గంట మోతలో నాకేం వినపడలేదు మొర్రో అని చెబితే అత్త పంచదార బస్తా మీద కూలబడి కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. కోర్టు బంట్రోతు దగ్గర్నుంచి లైబ్రరీ మెట్లు ఊడ్చే ఆవిడ దాకా అందరికీ తెలిసిపోయింది. ఆ సాయంత్రం గంటాయన కిందికి దిగి నా రాయి దగ్గరికి వచ్చాడు.

"నేను అడిగింది మీకు వినపడలేదటగా?"

"గంట మోత అండీ" అన్నాను.

కాసేపు చెప్పు కొనతో కొత్త రాళ్ల సందులో ఇసుక గీకాడు. "నా గంటే నా కొంప ముంచిందన్నమాట. పోనీ, పరంజా కట్టి గంట ఆగాక మళ్లీ అడగొచ్చా?"

"ముందు మా అబ్బాయికి రాయాలి."

"ఆ చెవి సంగతి అతనికింకా గుర్తుందంటారా?" అన్నాడు. నిజంగానే భయపడుతున్నాడు చిట్టీ. అంత ఎత్తు మనిషి.

ఇక్కడిదాకా అత్తకీ తెలుసు, చౌక్‌లో అందరికీ తెలుసు. ఇక ముందు రాసేది ఎవరికీ తెలియదు.

గంట మోగింది నిజం. నా చెవులు దిమ్మెత్తింది నిజం. ఒక్క ముక్క కూడా వినపడలేదు, అదీ నిజమే. కానీ తల ఎత్తాక ఆయన పెదాలు నాకు కనిపించాయి. చెప్పులు కరుస్తున్న పెళ్లికొడుకు గొణుగుడు అంత దూరంనుంచి పోల్చుకున్నదాన్ని, ఎదురుగా నిలబడి అడిగిన మనిషి మాట పోల్చుకోలేనా? ఏం అడుగుతున్నాడో తెలిసే "ఇప్పుడే కానిద్దాం" అన్నాను. నోరు దాటాక నాకే సిగ్గేసి కెమెరా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ నవ్వు ఎందుకని అడిగావు కదా. అందుకు. నేను సంతోషంగా ఉన్నాను చిట్టీ, దాన్ని ఇంకెలా రాయాలో నాకు తెలియడం లేదు.

మరి వినపడలేదని ఎందుకు చెప్పానంటావేమో. ఆ రాత్రి తలుచుకుంటే, నీకు చెప్పకముందే ఊరంతటికీ తెలిసిపోతుందన్న భయం పట్టుకుంది. తెల్లారేసరికి అత్త రానే వచ్చింది. నోటికి గంట సాకు దొరికింది, వాడుకున్నాను. పాపం ఆయన ఇప్పటికీ దాన్నే నమ్మి, గంటని తిట్టుకుంటూ తిరుగుతున్నాడు. నిజం ఆయనకి కూడా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను.

మీ నాన్నని మరిచిపోయానని మాత్రం అనుకోకు. ఇప్పటికీ ఆ రాయి మీద నిలబడే ముందు ఆయన నిలబడినట్టే కుడికాలు ముందు పెడతాను. మీ నాన్న నన్ను కెమెరా వెనక నిలబెట్టి కన్నుమూశాడు. అక్కడ నిలబడే నిన్ను పెంచాను, నాకేం లోటు జరగలేదు. ఈయన నన్ను కెమెరా ముందుకు రమ్మన్నాడు. మోకాలు నొప్పని చౌక్‌లో నేనెవరికీ చెప్పకపోయినా, ఫౌంటెన్ గట్టు మీద నేను కూర్చునే చోట రోజూ ఒక గోనెపట్టా మడిచి పెట్టి ఉంటోంది. అది ఎవరి పనో కనిపెట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నువ్వు వద్దంటే ఆయన్ని మరిచిపోతానని రాస్తే అబద్ధమవుతుంది. కానీ నువ్వు మనస్ఫూర్తిగా సరేననేదాకా ఆగుతాను. గంట కాదు, ఏడాది ఆగమన్నా ఆగుతాను. కోపం వస్తే కోపమే రాయి, నాకు నొప్పి కలుగుతుందని మాటలు మింగకు. సరే అనిపిస్తే మాత్రం ఉత్తరం రాయకు, సెలవు పెట్టి రా. చౌక్‌లో అందరి పెళ్లి ఫోటోలూ నేనే తీస్తాను, నన్ను తీయడానికి ఇంకెవరూ లేరు. ఆయనకిస్తే ఎలా వస్తుందో చూశావుగా. కెమెరా తుడిచి సిద్ధంగా ఉంచుతాను. రాయి తిప్పి వేశారని మరిచిపోకు, విరిగిన మూల మడమల కిందికి రావాలి. మేము కోర్టు మెట్లు దిగి వస్తాం. బొటనవేలు మాత్రం అడ్డం రానీయకు.

ఇట్లు,
ఈ ఒక్కసారికి ఫోటోలో నిలబడాలనుకుంటున్న
మీ అమ్మ