మూడు కిలోల సీసం

ప్రియమైన పొట్టీ,

నీకు అరవై తొమ్మిదొచ్చినా నాకు పొట్టివే. నా కడుపులో గడ్డ క్యాన్సరేనట. డాక్టరమ్మ నన్ను కుర్చీలోంచి లేపింది, నడిపించింది, బరువు చూసింది. "ఇంకో రెండు కిలోలు తగ్గితే గట్టి మందు ఇవ్వను, మీ ఒళ్ళు తట్టుకోదు. నొప్పి లేకుండా, రోజూ కుట్టు మిషను ముందు కూర్చోగలిగేలా చూస్తాను" అంది. చేతులెత్తేసినట్టేగా. నాకు బతకాలనుంది. బట్టలు వదులయ్యాయా అనడిగితే లేదన్నాను. అబద్ధం కాదు, వారం వారం నేనే బిగించి కుట్టుకుంటున్నాను.

తెరలు నిటారుగా వేలాడేందుకు అంచుల్లో వేసే సీసం బిళ్ళలు నీ కొట్లో ఉంటాయిగా, మూడు కిలోలు పంపు. పెద్ద ఆర్డరొచ్చింది.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,

బిళ్ళలు పంపాను. మూడు కిలోలంటే నాటకాల తెరలా ఏమిటి? పని ఒప్పుకున్నావంటే ఒంట్లో ఓపికున్నట్టేనని ప్రాణం కుదుటపడింది. డాక్టరమ్మ మాటే నాకు నచ్చింది. కానీ నా మాట ఎప్పుడు విన్నావు కనక.

నీ పొట్టి

ప్రియమైన పొట్టీ,

నెగ్గాను. బరువు నిలబడిందని డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. బరువును బట్టి మోతాదు కడతారట. నాకు నిండు మోతాదే ఎక్కించారు.

నీ అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,

రెండు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. భయంగా ఉంది. తెరలు ఇచ్చేశావా? ఎలా వేలాడుతున్నాయో రాయి.

నీ పొట్టి

ప్రియమైన పొట్టీ,

మీ వదిన చేత రాయిస్తున్నాను. తెరల్లేవు. ఆ బిళ్ళలు నా ప్యాంటు నడుంపట్టీలో, కాళ్ళ మడతల్లో కుట్టుకుని తూకం ఎక్కాను. అసలే తట్టుకోలేని ఒంటికి, లేని మూడు కిలోల బరువుకి కట్టిన మందు కూడా ఎక్కింది. ఇప్పుడు మంచం దిగలేను. వేళ్ళు మొద్దుబారాయి. సూది గుచ్చుకుంటే రక్తం చూసి తెలుసుకుంటున్నాను.

మందు ఆపేశారు. నిన్న డాక్టరమ్మకి నిజం చెప్పేశాను. తిట్టలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్న సంగతి కూడా చూస్తేనే తెలిసింది. మిషను ముందు కూర్చునే రోజులు కొన్ని ఇస్తానంది ఆ తల్లి, నేనే కాలదన్నుకున్నాను.

ఆ కుట్లు విప్పడం నావల్ల కాలేదు. వచ్చి విప్పి, నీ బిళ్ళలు నువ్వు పట్టుకుపో.

నీ అన్నయ్య

అమ్మాయీ, ఈ నాలుగు ముక్కలూ నావి. మీ అన్నయ్య నిద్రపోయారు. పరీక్షకి వెళ్ళే పొద్దున ఆ ప్యాంటు ఇస్త్రీ చేసింది నేనే. బరువు నా చేతికి తెలిసింది. బతుకుతారేమోనని నోరు మెదపలేదు.

మీ వదిన